టి.నగర్ పూలక్కకూ, కావలి తమ్ముడికీ

మొన్న శుక్రవారం సాయంత్రం టి.నగర్ బస్టాండు వైపు స్కైవాక్ (నడిచేవాళ్ళ వంతెన) మెట్ల కింద తూలి పడబోయిన నీలం చొక్కా మనిషిని నేనే. ఆదుకున్న ఇద్దరి పేర్లూ అడగలేదు, అడిగే ఓపిక అప్పుడు లేదు. ఈ పోస్టు వాళ్ళ కంట పడుతుందో లేదో గానీ, చెప్పకపోతే మనసు ఊరుకోవడం లేదు.

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే నరాల జబ్బు. ఆరేళ్ళయింది. పొద్దున చూస్తే ఎవరూ నమ్మరు, మామూలుగానే నడుస్తాను. సాయంత్రానికి వేరే మనిషిని. నరాల మీది మైలిన్ పొర అక్కడక్కడా దెబ్బతినడంతో అరికాళ్ళ నుంచి మెదడుకి వెళ్ళే కబురు అసలే నెమ్మది. బాగా అలిసినా, ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా అది ఇంకా ఆలస్యమవుతుంది, ఒక్కోసారి దారిలోనే ఆగిపోతుంది. ఒళ్ళు శ్రమపడితే ఇలాంటి రోగులకి చూపు మసకబారుతుందని ఊట్‌హాఫ్ అనే జర్మన్ డాక్టరు 1890లోనే రాశాడు. నాకు చూపు కాదు, కాళ్ళు. నేల ఎక్కడుందో పాదం చెప్పదు, కళ్ళతో చూసుకుంటూ అడుగు వేస్తాను. జనంలో ఆ నేలా కనపడదు.

అందులోనూ మే నెల మద్రాసు. మాంబళం స్టేషన్ నుంచి బస్టాండు దాకా ఆ స్కైవాక్ పొడవు 570 మీటర్లు. లిఫ్టు దగ్గర జనాన్ని చూసి మెట్లు దిగాను, అది నా బుద్ధితక్కువ. సగంలోనే కుడి బొటనవేలు మెట్టుకి రాచుకోవడం మొదలైంది. కిందికొచ్చేసరికి ఒళ్ళు ఒక పక్కకి లాగేసింది. వెనక ఎవరో "తణ్ణి పోట్టిరుక్కాన్" అన్నారు, మందు కొట్టాడని. కొత్తేం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎం.ఎస్. పేరుంది, నా జేబులో కార్డూ ఉంది. తూలేవాడు కార్డు ఎప్పుడు తీస్తాడు, ఎవరికి చూపిస్తాడు?

పూలక్క మాత్రం నిజంగానే తణ్ణి తెచ్చింది, చెంబుడు మంచినీళ్ళు. తన స్టూలు నాకిచ్చి, మల్లెమొగ్గల మీద కప్పిన తడిగుడ్డ తీసి నా మెడ చుట్టూ వేసింది. ఎండకి పూలకేం చేస్తుందో నాకూ అదే చేసింది. పది నిమిషాల్లో తల నిలబడింది.

తమ్ముడూ, నువ్వు చేసింది ఇంకా పెద్ద పని. అందరూ రెక్క పట్టుకుని లాగుతారు, దాంతో ఉన్న కాస్త నిలకడా పోతుంది. నువ్వు "అన్నా, నేను పట్టుకోనా, మీరు పట్టుకుంటారా?" అని అడిగి మోచెయ్యి చాపావు. ఆటో దాకా నడిచేటప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అలాంటప్పుడు నడకే నాకు పూర్తి పని, మాట కలిపితే అడుగు తప్పుతుంది. అది నీకెలా తెలిసిందో! మీ ఊరు కావలి అన్నావు, మాది గూడూరు. ఆటో డ్రైవరుకి "తాగలేదు, ఒంట్లో బాగాలేదు" అని తమిళంలో చెప్పడం కూడా విన్నాను.

అక్కా, నీ గుడ్డ నా మెడ మీదే ఇంటికొచ్చేసింది. ఉతికి మడతపెట్టాను. ఆదివారం పొద్దున్నే, ఎండెక్కక ముందే తెస్తాను. ఈసారి లిఫ్టులోనే.