రెన్‌మార్క్ దారిలో నిమ్మకాయ

అడిలైడ్, ఆస్ట్రేలియా,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రాంబాబూ,

తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. సంక్రాంతికి రాస్తానన్నాను, ఉగాది కూడా వెళ్ళిపోయింది. తప్పు నాదే. ఇక్కడ అందరం బాగున్నాం. చంటిది బళ్ళో చేరింది. సునీతకి వృద్ధాశ్రమంలో ఉద్యోగం పర్మనెంట్ అయింది. నేను ఇంకా రాత్రిళ్ళు గోడౌన్‌లో పెట్టెలు సర్దుతున్నాను. అంతే. అసలు సంగతి వేరే ఉంది. అది నీకు తప్ప ఎవరికి చెప్పినా పరువు పోతుంది.

మా బావమరిది మెల్‌బోర్న్ వచ్చెయ్యమని ఇంకా పోరుతూనే ఉన్నాడు. అక్కడ టార్నీట్ అనే పేటలో అందరూ మనవాళ్ళేనట. మాది 491 వీసారా నాయనా అని ఎన్నిసార్లు చెప్పినా వాడికెక్కదు. ఉన్నది 5 ఏళ్ళు. అందులో 3 ఏళ్ళు వీళ్ళు రీజనల్ (అంటే మహానగరాలు కాని ప్రాంతం) అనే చోటే గడిపితేనే పర్మనెంట్‌కి అప్లై చెయ్యగలం. అడిలైడ్ ఆ లెక్కలో ఉంది, మెల్‌బోర్న్ లేదు. అసలు వీసా ఎంపిక లెక్కలో దీనికిచ్చే 15 పాయింట్లు లేకపోతే మాకు పిలుపే వచ్చేది కాదు. కానీ ఇక్కడ నా పని దొరకదే! పదకొండేళ్ళు కాలవల మీద చేశానంటే ‘ఈ దేశంలో ఎన్నాళ్ళు?’ అంటారు. చెయ్యనిస్తే కదా... సరే వదిలెయ్.

పోయిన గురువారం రెన్‌మార్క్‌లో ఇంటర్వ్యూ. ఇక్కడికి 250 కిలోమీటర్లు, మర్రే నది ఒడ్డున. తోటలకి పైపులైన్లు, పంపులు డిజైన్ చేసే పని. అచ్చంగా మనదే! అంతకు రెండ్రోజుల ముందే సెకండ్‌హ్యాండ్ కరోలా కొన్నాం. మా అత్తగారు వీడియో కాల్‌లో దగ్గరుండి పూజ చేయించి, ముందు బంపర్‌కి నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు కట్టించారు. నవ్వకు.

బ్లాంచ్‌టౌన్ దగ్గర బోర్డు: పళ్ళు తీసుకెళ్ళకూడదు, ఈ డబ్బాలో వెయ్యండి. అవతలంతా తోటలు కదా, పండు ఈగ వస్తుందని భయం. మా దగ్గరేం లేవులే అనుకుని వెళ్ళిపోబోతుంటే ఒకాయన చెయ్యెత్తి ఆపాడు. బంపర్ దగ్గర వంగి చాలాసేపు చూశాడు.

‘ఇది తినడానికా?’
‘కాదు, కారుకి.’
‘కారుకి ఎందుకు?’

దిష్టిని ఇంగ్లీషులో ఏమంటారో ఆ క్షణాన గుర్తొస్తే కదా! ‘ఒక రకం ఇన్సూరెన్స్’ అన్నాను. ఆయన నవ్వలేదు. మిరపకాయలకీ ఆ ఈగ పడుతుందట. తాడు కోసి డబ్బాలో పడేశాడు. తెలియక తెచ్చామని జరిమానా మాత్రం వెయ్యలేదు. సునీత కారు దిగి ఆ డబ్బాకి దణ్ణం పెట్టిందిరా! అదీ చూశాడాయన. వెనక సీట్లో నిమ్మకాయ పులిహోర ఉంది. వండింది కాబట్టి పరవాలేదన్నాడు.

తీరా వెళ్తే ఊరి చుట్టూ నిమ్మ, నారింజ, ద్రాక్ష. కోనసీమకి కొబ్బరికాయ మోసుకెళ్ళినట్టు!

దిష్టి పోయిందో ఏమో, ఉద్యోగం ఇస్తామన్నారు. కాలవల గురించి గంటసేపు అడిగారు, ‘ఇక్కడ ఎన్నాళ్ళు’ అని ఒక్కరూ అడగలేదు. సాయంత్రం నది ఒడ్డున కూర్చున్నాం. గోదారి అనుకోకు, వెడల్పులో మన కాలవకి అన్న, అంతే. 1887లో చాఫీ అన్నదమ్ములని, కెనడాలో పుట్టి కాలిఫోర్నియా నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ నీటిపారుదల మొదలెట్టారట. మన కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన 35 ఏళ్ళకి. వాళ్ళూ ఎక్కడ ఉండాలో తేల్చుకోలేక ఇలాగే... ఏమో.

శుక్రవారంలోపు చెప్పాలి. తెలుగువాళ్ళెవరూ కనపడలేదు, పంజాబీలు ద్రాక్షతోటలు చేస్తున్నారు. సునీతకి పక్క ఊరు బెర్రీలో ఆస్పత్రి ఉంది కానీ, పర్మనెంట్ అయిన ఉద్యోగం వదులుకోమని ఏ మొహంతో అడగను? రాత్రి తనే ఆ మాటెత్తి ఏమందంటే, అయ్యో, నాలుగున్నర! కారు తను తీసుకెళ్ళింది, బస్సు తప్పితే షిఫ్ట్ పోతుంది. మిగతాది రేపు రాస్తాను.

నీ
సూరిగాడు