వాల్వు సరిచేయించిన మాస్టారికి, బాయిలరు కాపాడిన అక్కకు కృతజ్ఞతలు

ఇంటి వెనుక గదిలో రెండేళ్లుగా నేను తయారుచేస్తున్న నమూనా ఆవిరి యంత్రం గత ఆదివారం తన సొంత బాయిలరులో పుట్టిన ఆవిరితో ఇరవై నిమిషాలు ఆగకుండా తిరిగింది. యంత్రం నా చేతుల మీదుగానే తయారైనా అది తిరగడానికి కారణం ఇద్దరు. పేర్లు రాయవద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు కాబట్టి, ఒకరిని మాస్టారు అని, మరొకరిని అక్క అని, నేను పిలిచే పిలుపుతోనే ఇక్కడ తలచుకుంటున్నాను. మాస్టారు జీవితమంతా లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పనిచేసి పదవీ విరమణ చేసినవారు. అక్క రాగి గొట్టాలు అతికే పనిలో ఆరితేరిన మనిషి.

యంత్రం పెద్దదేమీ కాదు. 20 మిల్లీమీటర్ల లోవ్యాసం గల ఒకే ఒక్క పోత ఇనుప సిలిండరు, పిస్టను నడక 25 మిల్లీమీటర్లు, మొత్తం రెండు అరచేతుల్లో పట్టేంత. ఆవిరి పిస్టనును వంతులవారీగా రెండు వైపుల నుంచీ నెడుతుంది. ఏ క్షణాన ఏ వైపుకు పోవాలో తేల్చేది సిలిండరు పక్కనున్న ఆవిరిపెట్టెలో ముందుకూ వెనక్కూ జరిగే చిన్న గన్‌మెటల్ (ప్రధానంగా రాగి, తగరం కలిసిన లోహం) బిళ్ల. దాన్నే స్లైడు వాల్వు అంటారు. గోరంత ఉండే ఆ బిళ్లే నన్ను ఐదు నెలలు ఏడిపించింది.

బాయిలరుతో పని లేకుండా ముందుగా కంప్రెసరు గాలితో తిప్పి చూడడం ఆనవాయితీ కనుక నేనూ అలాగే చేశాను. ఫ్లైవీలు, అంటే యంత్రం తిప్పే బరువైన చక్రం, అర చుట్టు విసురుగా తిరిగి, అవతలి కొసకు రాగానే చతికిలబడి, వెనక్కి ఊగి ఆగిపోయేది. పిస్టను పక్కల నుంచి గాలి జారిపోతోందని నాకు నేనే తీర్మానించుకుని, ఒకదాని తరువాత ఒకటిగా మూడు పిస్టన్లు లేత్ మీద చేశాను. మూడోది ఎంత బిగువుగా కుదిరిందంటే, నూనె రాసి నిలువుగా పట్టుకున్న సిలిండరులో దాన్ని వదిలితే గాలి మెత్త మీద కూర్చున్నట్టు మెల్లగా దిగేది. అయినా యంత్రం మాత్రం మునుపటిలాగే అర చుట్టుకే ఆగింది. సిలిండరు లోపలి బోరే వంకరగా ఉందేమోనన్న అనుమానంతో, అప్పటికి ఫోనులో మాత్రమే పరిచయమైన మాస్టారితో నా చేతగానితనం గురించి మొరపెట్టుకున్నాను. జేమ్స్ వాట్‌కు తన ఆవిరి యంత్రం మీద 1769లో పేటెంటు వచ్చినా యంత్రాలు పనిలోకి దిగింది 1776లోనని, ఆ జాప్యానికి ఒక ముఖ్య కారణం పెద్ద సిలిండరును లోపల గుండ్రంగా తొలిచే సాధనం లేకపోవడమేనని, జాన్ విల్కిన్సన్ తొలిచే యంత్రం వచ్చాక గానీ ఆ చిక్కు విడలేదని ఆయన చెప్పారు. నాకు కాస్త ఊరట కలిగేలోపే, "మీ చిక్కు మాత్రం అది కాదు లెండి" అన్నారు.

ఆ తరువాత ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశారు. ఆవిరిపెట్టె మూత తీసి, పిస్టను ఒక కొసన ఉన్నప్పుడు ఆ వైపు రంధ్రం ఎంత తెరుచుకుని ఉంది, రెండో కొసన ఉన్నప్పుడు రెండో రంధ్రం ఎంత తెరుచుకుని ఉంది, ఈ రెండు కొలతలూ చెప్పమన్నారు. ఐదు నెలల్లో నేను ఒక్కసారి కూడా కొలవనివి సరిగ్గా ఆ రెండే.

కొలవడానికి కూర్చుంటే, పిస్టను కొసకు చేరింది ఎప్పుడో కంటితో తేల్చడమే కష్టమని తెలిసింది. ఆ చోట క్రాంకు (పిస్టను కదలికను చక్రపు తిరుగుడుగా మార్చే భాగం) 5 డిగ్రీలు తిరిగినా, ఇంత చిన్న యంత్రంలో పిస్టను మిల్లీమీటరులో పదో వంతు కూడా కదలదు. అందుకు మాస్టారు చెప్పిన ఉపాయం ఇది. పిస్టను కడ్డీ చివర ఉండి పట్టె మీద జారే దిమ్మెను క్రాస్‌హెడ్డు అంటారు. క్రాస్‌హెడ్డు కొసకు కొంచెం ఇవతల ఉండగా, అది జారే పట్టె మీద దాని అంచు వెంబడి సన్నని గీత గీసి, స్థిరంగా నిలిపిన ఒక సూది ఎదురుగా ఫ్లైవీలు మీద గుర్తు పెట్టాలి. తరువాత ఫ్లైవీలును అదే దిశలో తిప్పుతూ పోతే, క్రాస్‌హెడ్డు కొసకు వెళ్లి వెనుదిరిగి మళ్లీ అదే గీత దగ్గరికి వస్తుంది. అప్పుడు ఫ్లైవీలు మీద రెండో గుర్తు పెట్టాలి. రెండు గుర్తులకూ సరిగ్గా నడుమ ఉన్న చోటు సూది ఎదుటికి వచ్చినప్పుడే పిస్టను అసలు కొసన ఉన్నట్టు.

రంధ్రం తెరుచుకోవడం మొదలైన క్షణాన్ని పట్టుకోవడానికి పలుచని కాగితం ముక్క ఒకటి చాలింది. వాల్వు అంచు కింద దాన్ని ఉంచి, ఒక చేత్తో మెల్లగా లాగుతూ మరో చేత్తో ఫ్లైవీలును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే, ఒక చోట ఆ కాగితం పట్టు వదిలి చేతిలోకి వచ్చేస్తుంది. అదే తెరుచుకునే క్షణం. ఆ కాగితం జారిన స్పర్శ ఇప్పటికీ నా వేళ్లకు గుర్తుంది.

తప్పులు రెండు బయటపడ్డాయి. మొదటిది, వాల్వును లాగే కడ్డీ పొడవు సరిగ్గా లేకపోవడం వల్ల ఒక వైపు రంధ్రం పూర్తిగా తెరుచుకుంటుంటే, రెండో వైపుది సందు మాత్రమే ఇస్తోంది. రెండోది, వాల్వును నడిపే, ఇరుసు మీద కేంద్రం తప్పించి బిగించే బిళ్ల అయిన ఎక్సెంట్రిక్‌ను నేను క్రాంకుకు సరిగ్గా 90 డిగ్రీలు ముందు బిగించాను. రంధ్రాలు మూసి ఉన్నప్పుడు వాల్వు అంచులు వాటిని దాటి రెండు పక్కలా కొంత అదనంగా కప్పి ఉంటాయి. ఆ అదనపు కప్పు జరిగిపోయిన తరువాతే రంధ్రం తెరుచుకుంటుంది. కాబట్టి ఎక్సెంట్రిక్ 90 డిగ్రీలకు మించి ఇంకొంచెం ముందుండాలి. లేకపోతే పిస్టను తిరుగుప్రయాణం మొదలుపెట్టిన తరువాత గానీ ఆవిరి అందదు. నా యంత్రంలో జరిగింది అదే.

సరిచేసే క్రమం కూడా ఆయనే చెప్పారు. ముందు కడ్డీ పొడవు మార్చి రెండు వైపులా తెరుపు సమానం చేయాలి, ఆ తరువాతే ఎక్సెంట్రిక్ కోణం జోలికి పోవాలి. తిరగేసి చేస్తే ఒకటి దిద్దేలోపు రెండోది చెడుతుంది. అప్పటికే నేను ఆత్రపడి వాల్వు అంచును ఆకురాయితో రాసేశానని ఒప్పుకున్నప్పుడు ఆయన కోప్పడలేదు. "ఆకురాయిని అల్మారాలో పెట్టి తాళం వేయండి, కొత్త వాల్వు చేసుకోండి" అన్నారు, అంతే. చేసుకున్నాను. దాని అడుగుభాగాన్ని దళసరి గాజు పలక మీద పరిచిన నున్నటి ఎమరీ కాగితం మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది చదును చేశాను. కొత్త వాల్వుతో, కొత్త కోణంతో యంత్రం మొదటి ఊపులోనే తిరిగింది.

అక్క చేసిన మేలు ఇంకా పెద్దది, ఎందుకంటే అది ప్రాణానికి సంబంధించినది. బాయిలరు రాగి గొట్టానికి మూతలను నేను మామూలు తగరం-సీసం టంకంతో అతికి, మెరుగుపెట్టి, గర్వంగా చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, "దీని కింద మంట పెట్టకు తమ్ముడూ" అని బల్ల మీద పెట్టేసింది. 3 బార్ల (ఒక బారు దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఒత్తిడి దగ్గర ఆవిరి వేడి సుమారు 143 డిగ్రీలుంటుంది. ఆ టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. నీటిమట్టం తగ్గి మంట తగిలే చోట రాగి ఎండిపోయిందంటే ఆ నలభై డిగ్రీల తేడా చూస్తుండగానే ఆవిరైపోతుంది. వెండి టంకం కరగాలంటే 600 డిగ్రీలు దాటాలి. అంతేకాదు, బాయిలరుకు మరలు పట్టే బుష్షులు గన్‌మెటల్ అని చెప్పి ఒక దుకాణదారు నాకు ఇత్తడి అంటగట్టిన సంగతి కూడా రంగు చూసి పట్టేసింది. వేడినీటిలో నానిన ఇత్తడిలోంచి జింకు క్రమంగా పోయి లోహం గుల్లబారుతుందని చెప్పి, వాటినీ తీయించింది.

కొత్త బాయిలరు అతికిన రోజు ఆమె టార్చి నా చేతికే ఇచ్చి పక్కన నిలబడింది. అతుకు మీదనే మంట పెట్టబోతే నా మోచేయి పట్టుకుని పక్కకు జరిపింది. రాగి వేడిని ఎప్పటికప్పుడు లాగేసుకుంటుంది కాబట్టి ముందు మొత్తం బాయిలరును కాచాలని, టంకపు కడ్డీని మంట కాదు, కాగిన రాగే కరిగించాలని ఆమె చెప్పింది. టంకం చక్కగా పట్టేందుకు అతుకు మీద పూసిన ఫ్లక్సు పొడి తెల్లగా పొంగి, కాసేపటికి అణగి నీళ్లలా తేటపడింది. "ఇప్పుడు పెట్టు" అంది. కడ్డీ కొస తగలగానే వెండి మెరుపు ఒకటి అతుకు చుట్టూ పరుగెత్తి వచ్చింది. అంత అందమైన దృశ్యం నా పనిగదిలో మరొకటి జరగలేదు.

తరువాత ఒత్తిడి పరీక్ష. బాయిలరులో గాలి బుడగ కూడా మిగలకుండా నీళ్లు నింపి, చేతిపంపుతో 6 బార్లకు, అంటే పని ఒత్తిడికి రెట్టింపుకు తెచ్చి, అరగంట ఉంచాం. గాలితో ఎందుకు చేయకూడదో అక్కే విడమరిచింది. గాలి స్ప్రింగులా కుదించుకుని శక్తిని దాచుకుంటుంది కనుక అతుకు విడితే ముక్కలు ఎగురుతాయి. నీరు దాదాపు కుదించుకోదు కనుక చుక్క కారి ఊరుకుంటుంది. మాకు ఒక బుష్షు దగ్గర చెమట బిందువంత తడి కనిపించింది. దాన్ని మళ్లీ కాచి అతికాకే సేఫ్టీ వాల్వు బిగించనిచ్చింది.

రీమర్లు (రంధ్రాలను సరైన కొలతకు నునుపు చేసే పనిముట్లు) అరువిచ్చిన మిత్రుడికి, అర్ధరాత్రి లేత్ చప్పుడు భరించిన ఇంటివాళ్లకు కూడా నా ధన్యవాదాలు.

ఆదివారం ఆవిరి తెరిచినప్పుడు మాస్టారు ఫోనులో ఉన్నారు. చల్లని సిలిండరులోకి వెళ్లిన ఆవిరి మొదట నీరుగా మారుతుంది. నీరు కుదించుకోదు కనుక బలవంతంగా తిప్పితే కడ్డీలు వంగుతాయి. అందుకని సిలిండరులోని నీళ్లు వదిలే చిన్న కుళాయిలు (డ్రెయిన్ కాక్‌లు) తెరిచి ఉంచి, నీళ్లు చిమ్మడం ఆగేదాకా ఫ్లైవీలును చేత్తోనే అటూ ఇటూ ఊపమన్నారు. యంత్రం అందుకున్నాక ఫోనును పొగగొట్టం దగ్గర పెట్టమని, కాసేపు విన్నారు. చుట్టుకు రెండు చప్పుళ్లు వినిపించాలి, అవి వినిపిస్తూనే ఉన్నాయి. "రెండోది కొంచెం బరువుగా పడుతోంది. ఆపి, వాల్వు కడ్డీ మీద నట్టు అర చుట్టు వదులు చేయండి" అన్నారు. ఆ మరకు ఒక చుట్టుకు అర మిల్లీమీటరు, అంటే ఆయన పసిగట్టిన తేడా పావు మిల్లీమీటరు. నేను నట్టు తిప్పి, లాక్‌నట్టు బిగించి, మళ్లీ ఆవిరి తెరిచాను. ఈసారి రెండు చప్పుళ్లూ ఒక్కలాగే పడ్డాయి. ఫోనులో అవతలి నుంచి ఏ మాటా రాలేదు. నీళ్లు అడుగంటి నేను మంట ఆర్పేదాకా మాస్టారు వింటూనే ఉన్నారు.