థ్రాటిల్ లింకేజీలో ఉండవలసిన వదులు

ఆక్స్‌ఫర్డ్

ప్రియమైన రాఘవకు,

నీ ఉత్తరం అందింది. నీ అంబాసిడర్ ఐడ్లింగ్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) ఒకచోట నిలవడం లేదనీ, పెడల్ మీద నుంచి కాలు తీసిన తరువాత కూడా ఇంజను కాసేపు అరుస్తూనే ఉంటోందనీ, మెకానిక్ కార్బురేటర్‌ను (పెట్రోలునూ గాలినీ కలిపే భాగాన్ని) మళ్ళీ మళ్ళీ విప్పి కడుగుతున్నాడనీ రాశావు. ఈసారి అతను కార్బురేటర్ మీద చెయ్యి వేయబోతే కాస్త ఆపు. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, దోషం పెట్రోలు వెళ్ళే దారిలో కంటే, పెడల్‌కూ, ఇంజనులోకి వెళ్ళే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బిళ్ళకూ మధ్య ఉన్న చిన్న చిన్న ఇనుప ముక్కల్లోనే, అంటే లింకేజీలోనే ఉండి ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. నా ఎం.జి.బి. స్పోర్ట్స్ కారుకు ఈ చలికాలంలో నేను చేసిన పని సరిగ్గా ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన ఇద్దరి కార్ల ఇంజన్లూ దాయాదులే. నీది 1489 సి.సి., నాది 1798 సి.సి.; రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.) వారి బి-సిరీస్ కుటుంబానికి చెందినవే. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఈ ఊరి కౌలీ ఫ్యాక్టరీలోనే తయారయింది, ఎం.జి.బి. ఇక్కడికి దగ్గరలోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారయింది. ఆబింగ్డన్ మూతపడిన తరువాత కూడా బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ 2014 దాకా నడిచిందని చెబితే ఇక్కడి పాత కార్ల మనుషులు ఒక పట్టాన నమ్మరు.

నా ఇంజనుకు రెండు ఎస్.యు. రకం కార్బురేటర్లు పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య ఒక సన్నని ఇరుసు ఉంటుంది. పెడల్ కేబుల్ ఆ ఇరుసును తిప్పుతుంది. ఇరుసు రెండు చివరల ఉన్న చిన్న లీవర్ల పిన్నులు ఒక్కొక్క కార్బురేటర్ స్పిండిల్‌కు (థ్రాటిల్ బిళ్ళను తిప్పే కడ్డీకి) బిగించిన ఫోర్కులో (చీలిన లీవరులో) కదిలి, రెండు థ్రాటిళ్ళనూ ఒకేసారి తెరుస్తాయి. వినడానికి ఇంతే. అయితే ఈ పిన్నులు, ఫోర్కులు, స్ప్రింగు కొక్కేలు, స్పిండిల్ తిరిగే రంధ్రాలు యాభై ఏళ్ళుగా ఒకదానినొకటి రాసుకుంటూ ఉన్నాయి. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చిన తరువాత, కాలు తీసిన ప్రతిసారీ థ్రాటిల్ ఒకే చోటికి తిరిగి రావాలని ఆశించడం అన్యాయం.

అన్నిటికంటే ముఖ్యమైనది స్పిండిల్. ఎయిర్ ఫిల్టర్ తీసి, స్పిండిల్ చివరను రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడు. చేతికి తెలిసేంత ఆట (వదులు) ఉంటే, ఆ సందులోంచి ఇంజను అదనంగా గాలి పీలుస్తోందని అర్థం. ఇంజను ఐడ్లింగ్‌లో ఉండగా స్పిండిల్ చివరల దగ్గర కార్బురేటర్ క్లీనర్ కొద్దిగా చిమ్మితే వేగం మారుతుంది, అదే సాక్ష్యం. వేడి ఇంజను మీద మండే ద్రవం కాబట్టి చాలా కొద్దిగా మాత్రమే చిమ్ము. అలా దొంగగాలి చేరిన మిశ్రమం పలచబడుతుంది, మెకానిక్ దానిని సరిచేయడానికి పెట్రోలు పెంచుతాడు, మరుసటి సారి స్పిండిల్ కొద్దిగా వేరే పక్కకు ఒరుగుతుంది, లెక్క మళ్ళీ తప్పుతుంది. నీ మెకానిక్ ఈ వలయంలోనే తిరుగుతున్నాడని నా అనుమానం.

నా కార్బురేటర్లలో స్పిండిల్ నేరుగా అల్యూమినియం బాడీలోనే తిరుగుతుంది. అందువల్ల కొత్త స్పిండిల్ ఒక్కటి వేస్తే సగం పనే అవుతుంది. బాడీలను మంచి లేత్ పనివాడికి ఇచ్చి, రంధ్రాలను రీమర్‌తో సాపు చేయించి, కంచు బుష్‌లు (స్పిండిల్ తిరిగే గొట్టపు తొడుగులు) దిగ్గొట్టించాను. ఇక్కడ అవతలి బుష్, ఇవతలి బుష్ ఒకే సూటిలో ఉండాలి. లేకపోతే స్పిండిల్ బిగుసుకుని అసలు వ్యాధి కంటే మందు ప్రమాదమవుతుంది. థ్రాటిల్ బిళ్ళను విప్పే ముందు అది ఏ పక్కన, ఏ ముఖంతో ఉందో గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే దాని అంచులు ఏటవాలుగా ఉండి ఒకే తీరున సరిగ్గా మూసుకుంటాయి. దానిని పట్టే రెండు చిన్న స్క్రూల చివరలు చీలి ఉంటాయి. బిగించిన తరువాత ఆ చీలికను విప్పార్చాలి, పాత స్క్రూలు మళ్ళీ వాడకూడదు. అవి ఊడితే నేరుగా సిలిండర్‌లోకే వెళతాయి.

ఇక స్ప్రింగుల సంగతి. థ్రాటిల్ తిరిగి రాకపోతే రోడ్డు పక్క షెడ్డులో వెంటనే చేసే వైద్యం ఇంకొక బలమైన స్ప్రింగు తగిలించడం. దీనిని నేను ససేమిరా ఒప్పుకోను. బలమైన స్ప్రింగు స్పిండిల్‌ను ఒక పక్కకే లాగి, అరిగిన రంధ్రాన్ని ఇంకా అరగదీస్తుంది, పైగా పెడల్ బరువెక్కుతుంది. స్ప్రింగు తీసేసి, థ్రాటిల్‌ను చేతితో తెరిచి వదిలి చూడు. ఎక్కడైనా పట్టేస్తుంటే ఆ చోటును వెతకాలి: పురి విడిన కేబుల్ పోగు, వంకర తిరిగిన కేబుల్ గొట్టం, కొక్కెం కోసేసిన గాడి, ఇవేవీ కాకపోతే పెడల్ కిందికి జరిగిన కార్పెట్. నవ్వకు, కార్పెట్ కథలు ఇక్కడ చాలా విన్నాను.

అన్నీ కొత్తవయ్యాక చాలామంది చేసే పొరపాటు లింకేజీలో ఎక్కడా వదులే లేకుండా బిగించేయడం. పిన్నుకూ ఫోర్కుకూ మధ్య కావాలని ఉంచవలసిన సందు ఒకటి ఉంది. దానిని అమర్చడానికి నా కారు పుస్తకం చెప్పే ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నని రేకు) మందం 0.012 అంగుళం. ఆ సందు ఉంటేనే ప్రతి థ్రాటిల్ తన ఐడ్లింగ్ స్క్రూ మీద పూర్తిగా ఆనుతుంది. లేకపోతే లింకేజీయే థ్రాటిల్‌ను ఎత్తి పట్టుకుని, స్క్రూను ఎంత తిప్పినా ఫలితం ఉండదు. అందుకే నేను ముందుగా ఇరుసు క్లాంపులు వదులు చేసి రెండు కార్బురేటర్ల కదలికలనూ ఒకదాని నుంచి ఒకటి విడదీశాను. రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, రెండో చివర గాలి వెళ్ళే నోటి దగ్గర పెట్టి, రెండింటి బుస ఒకేలా వినిపించే వరకు స్క్రూలు సరిచేశాను. ఆ తరువాతే సందు ఉంచి క్లాంపులు బిగించాను. నీకు ఒకటే కార్బురేటర్ కాబట్టి ఈ సంగీత విద్వత్తు అక్కరలేదు, కానీ నియమం నీకూ వర్తిస్తుంది: కాలు తీసినప్పుడు లింకేజీ రవ్వంత సడలి, థ్రాటిల్ తన స్క్రూ మీదే ఆనాలి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవాలి. ఇంజను ఆపి, మీ అబ్బాయిని పెడల్ తొక్కమని, నువ్వు పైనుంచి చూడు.

ముందు స్పిండిల్ కదిపి చూసి, ఆట ఉంటే విప్పించి, అరగని చోట దాని వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి నాకు రాయి. బుష్‌లు మీ ఊళ్ళోనే చేయించవచ్చో, నేను ఇక్కడి నుంచి పంపాలో అప్పుడు తేలుతుంది. వదినగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ శ్రీనివాస్