ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ గారికి

మా నాన్న గుంటూరులో 40 ఏళ్లు తాపీ పని చేశారు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా, చంకలో బైబిలు, చర్చికి చేరేలోపు పదిమందితో కబుర్లు. క్రిస్మస్‌కి మా వీధిలో అరిసెలు అందని ఇల్లు ఉండేది కాదు.

ఆయన ఆఖరి రాత్రి నేనింకా సికింద్రాబాద్ నుంచి రైల్లో వస్తున్నాను. మీరు ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి, నేను 23వ కీర్తన చదవడం అయ్యేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు. సిగ్నల్ పోయిన ప్రతిసారీ మళ్లీ మీరే చేశారు. "నాన్న తల దువ్వుకోకుండా గడప దాటరండీ" అన్నాను ఏడుస్తూ. తెల్లారి వచ్చి చూస్తే నున్నగా దువ్వి ఉంది, ఎడమవైపు పాపిడితో. ఆధార్ కార్డులో ఫొటో చూసి తీశారట!

అప్పటికే మీ డ్యూటీ అయిపోయింది. మీకు మా ఇంటిల్లిపాది వందనాలమ్మా.