ప్రాణహిత గట్టున ఇక్తియోసార్ దొరకదు

అయ్యా,

సిరొంచ తాలూకాలో వైజ్ఞానిక ప్రదర్శనలకు పిల్లలు గీసే డైనోసార్ల చార్టుల్లో ఇక్తియోసార్ అనే పాతకాలపు సముద్ర సరీసృపం బొమ్మ కూడా చేరుతోంది. అది డైనోసార్ కాదు, మన ప్రాణహిత వైపు రాళ్లలో దొరికేదీ కాదు. ఈ రెండు సంగతులూ పిల్లలకు విడివిడిగా చెప్పాలి.

నేల మీద తిరిగిన సరీసృపాల నుంచే పుట్టినా ఇక్తియోసార్ పూర్తిగా సముద్రజీవి అయింది. కాళ్లు తెడ్లయ్యాయి. గాలి మాత్రం ఊపిరితిత్తులతోనే పీల్చేది, నీళ్లలోనే పిల్లల్ని కనేది. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు ఇంకా ఉండగానే అంతరించింది. గుజరాత్‌లోని కచ్‌లో, లోడాయి దగ్గర దొరికిన అస్థిపంజరం సుమారు 15 కోట్ల ఏళ్ల నాటిది, పొడవు ఐదున్నర మీటర్ల దాకా ఉంటుందని అంచనా. శిలాజ శాస్త్రవేత్త గుంటుపల్లి ప్రసాద్ బృందం 2017లో దాని వివరాలు ప్రచురించింది. ఆ రాళ్లలో అమ్మోనైట్లు, బెలెమ్నైట్లు అనే సముద్రజీవుల శిలాజాలు ఉన్నాయి, అంటే అది సముద్రపు అడుగు. మన కోట ఊరి సున్నపురాయిలో ఉన్నవి నున్నగా మెరిసే గట్టి పొలుసుల లెపిడోటిస్ చేపలు. అది చెరువుల అడుగున పేరుకున్న రాయి. బారాపాసారస్, కోటాసారస్ అనే డైనోసార్ల ఎముకలు దొరికిందీ ఈ కోట పొరల్లోనే.

ఇక్తియోసార్ వెన్నుపూస పొట్టి బిళ్లలా ఉంటుంది, రెండు ముఖాలూ లోపలికి గుంటపడి ఉంటాయి. చేపల వెన్నుపూసకూ అలాంటి గుంటలే ఉంటాయి కాబట్టి ఒక్క పూస చూసి తేల్చేయకూడదు. అది ఏ పొరలో, వేటి పక్కన ఉందో చూడాలి. తవ్వి ఇంటికి తెచ్చిన ఎముక పనికిరాకుండా పోయేది ఇందుకే.

బావి తవ్వకంలోనో రోడ్డు పనిలోనో ఎముక బయటపడితే కడగొద్దు. పగుళ్లున్న ఎముక నీళ్లు తగిలితే విచ్చిపోతుంది. ఫెవికాల్ పూస్తే తర్వాత శుభ్రం చేయడం కష్టం. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి, మట్టి కప్పి, నాగపూర్‌లోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి తెలపాలి. పైకి తీసేది వాళ్లే. ముందు తడి టిష్యూ కాగితం పరిచి, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో ముంచిన గోనె పట్టీలు చుడతారు. కాగితం లేకపోతే ప్లాస్టర్ ఎముకకే పట్టేసి, విప్పేటప్పుడు పైపొరను ఊడదీస్తుంది.

మన తాలూకాలోని వడదం శిలాజ ఉద్యానంలో ఈ తేడాలు చెప్పే బోర్డులు మరాఠీతో పాటు తెలుగులోనూ ఉంచాలని అటవీ శాఖను కోరుతున్నాం. మీ పత్రిక కూడా ఇక్కడి ఎముకల ఫొటో వేసినప్పుడు కింద 'సముద్రపు రాక్షసి' అని రాయవద్దని మనవి.

ఇట్లు,
శిలాజాలపై ఆసక్తి గల కొందరు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర