ఇనుప చెట్టుకూ పాదు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పార్కుల్లో, కూడళ్లలో లోహశిల్పాలు పెట్టించే మున్సిపాలిటీలకు ఒక విన్నపం. టెండరులో బొమ్మ ఎత్తు, బరువు, ధర రాస్తే సరిపోదు. నేల సంగతి, నీళ్ల సంగతి కూడా రాయండి.

ఇంగ్లాండులో వేక్‌ఫీల్డ్ దగ్గర పచ్చిక బయళ్ల మధ్య 1977 నుంచి యార్క్‌షైర్ స్కల్ప్చర్ పార్క్ నడుస్తోంది. 2014లో అక్కడి పాత ప్రార్థనాలయం ముంగిట చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ చేసిన ‘ఐరన్ ట్రీ’ని నిలబెట్టారు. ఆరు మీటర్ల చెట్టు. చైనాలోని జింగ్‌దెజెన్ ఊరి వీధుల్లో అమ్మకానికి పెట్టే చెట్టు మొద్దులు దానికి ప్రేరణ. 97 పోత ఇనుప ముక్కల్ని చైనా వడ్రంగుల తీరున ఒకదానిలో ఒకటి కూర్చి, పెద్ద నట్లతో, మరలతో బిగించారు. ఆ నట్లు దాచలేదు, తుప్పునూ దాచలేదు. తెనాలిలో పాత గేర్లు, బేరింగులు, చైన్లతో బొమ్మలు కట్టే పనివాళ్లకు ఈ ధోరణి పరిచయమే.

అయితే ఆ తుప్పు అందం చూసి మన బొమ్మల్నీ రంగు లేకుండా వదిలేయకూడదు. పోత ఇనుము మందంగా ఉంటుంది కాబట్టి పైతుప్పును ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. రెండు మిల్లీమీటర్ల రేకు ఓర్చుకోదు, చిల్లులు పడుతుంది. అదీ లోపలి నుంచి. డొల్ల బొమ్మలో అడుగున, నీరు చేరే చోట, 10–12 మిల్లీమీటర్ల కన్నం తప్పనిసరి. చీలమండ దగ్గర రంగు పొక్కిందంటే చాలాసార్లు లోపల నీళ్లు నిలిచినట్టే. దానిమీద ఇంకో పూత వేస్తే డబ్బు దండగ. కన్నం పెట్టి, నీళ్లు వార్చి, తుప్పు గీకి, పూర్తిగా ఆరాక జింక్ ప్రైమర్ (తుప్పు ఆపే అడుగుపూత), ఆపైన రంగు.

స్టెయిన్‌లెస్ పలకకు మామూలు ఇనుప బోల్టు వేస్తే ముందు బోల్టే తినేసుకుపోతుంది. విశాఖ లాంటి సముద్రపు గాలిలో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా టీ రంగు మరకలు వస్తాయి. అక్కడ 316 రకం అడగాలి. కంచు శిల్పానికి రంగు వద్దు. ఏటా కడిగి, ఆరబెట్టి, పల్చగా మైనం పట్టిస్తే చాలు.

కృష్ణా, గుంటూరు రేగడి నేల మరీ కష్టం. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైపైన పోసిన దిమ్మె రెండు మూడేళ్లలో ఒరుగుతుంది. పునాది ఆ కదిలే పొర దాటి దిగాలి. దిమ్మె పైభాగానికి అడుక్కి పావు అంగుళం వాలు ఇవ్వాలి. చుట్టూ అడుగు వెడల్పున కంకర పరిస్తే గడ్డి కోసే యంత్రం బ్లేడు పాదాల రంగు చెక్కెయ్యదు. ఇది చిన్న ఖర్చు, దయచేసి టెండరులోంచి తీసెయ్యకండి.

పదేళ్ల నిర్వహణ సొమ్ము అదే టెండరులో విడిగా చూపాలి. బోల్టుల సైజులు, లోహం రకం, రంగు పేరు రాసిన నక్షా ఒకటి పార్కు ఆఫీసులో ఉండాలి. ఏటా వానాకాలానికి ముందు ఆ నక్షా పట్టుకుని ఒక మనిషి నిచ్చెన వేసుకుని ప్రతి నట్టూ తిప్పి చూడాలి.

ఇట్లు,
లోహశిల్పాల పనివాళ్లం,
గుంటూరు జిల్లా