మా ఇంటి పరికరాల పేర్లు మీ కొత్త రౌటరులో నిలవడం లేదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కొత్త రౌటరులో అడ్రస్ రిజర్వేషన్ (ఒక్కో పరికరానికి ఎప్పుడూ ఒకే నెట్‌వర్క్ అడ్రసు ఇవ్వడం), ఇంటి లోపలి పేర్లు పనిచేయకపోవడం గురించి.

అయ్యా,

నాలుగేళ్లుగా మీ ఫైబర్ కనెక్షన్ వాడుతున్నాను. గత నెల పిడుగుపాటుకు పాత రౌటరు కాలిపోతే మర్నాడే మీ మనిషి వచ్చి కొత్తది బిగించి వెళ్లాడు. అందుకు సంతోషం. నెట్ స్పీడు గురించి నాకే ఫిర్యాదూ లేదు. నా బాధ ఇంటి లోపలి నెట్‌వర్క్ గురించి.

మాకు కింద జిరాక్స్, డీటీపీ షాపు, పైన కాపురం. రెండిటికీ ఒకటే రౌటరు. కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు, ఫైళ్లు దాచే స్టోరేజి బాక్సు, ఫోన్లు అన్నీ కలిపి 14. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయీ నేనూ కూర్చుని ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాం. స్టోరేజి బాక్సు ‘గాదె’. కెమెరాలు ‘వీధి-కెమెరా’, ‘పెరటి-కెమెరా’. షాపు ప్రింటరు ‘కింద-ప్రింటర్’. హోస్ట్‌నేమ్‌లో (నెట్‌వర్కులో పరికరం పేరు) ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత తప్ప ఇంకేవీ పనికిరావు కాబట్టి అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు మావి. షాపులోవి విండోస్ కంప్యూటర్లు, వాటి నెట్‌బయోస్ పేరు (విండోస్ పాత పద్ధతిలో వాడే పేరు) 15 అక్షరాలు దాటకూడదు కనుక అన్నీ ఆ లోపే కుదించాం. చివర హోమ్.ఆర్పా అని తగిలించాం. ఇళ్లలోని నెట్‌వర్కుల కోసమే 2018లో కేటాయించిన పేరది.

పరికరం ఆన్ కాగానే డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పద్ధతి) ద్వారా రౌటరును అడ్రసు అడుగుతుంది, అడుగుతూనే తన పేరు కూడా చెప్పగలదు. పాత రౌటరు ఆ పేరు గుర్తుపెట్టుకునేది. మేము కేటాయించిన అడ్రసే ఇచ్చేది. ‘గాదె’ ఎక్కడుందని ఏ కంప్యూటరు అడిగినా చెప్పేది. కొత్తది ఇందులో ఒక్కటీ చేయడం లేదు. జాబితా తెరిస్తే సగానికి ‘అన్‌నోన్’ అని ఉంది. ఎన్‌ఎస్‌లుకప్‌తో (పేరును బట్టి అడ్రసు వెతికే ఆదేశం) ‘గాదె’ కోసం అడిగితే అలాంటి పేరే లేదని జవాబు వస్తోంది.

కరెంటు పోయి వచ్చిందంటే అడ్రసులు తారుమారు. ప్రింటరు నెత్తిన అతికించిన కాగితం మీద అడ్రసు చివరి అంకె కొట్టేసి మళ్లీ రాయడం ఇప్పటికి ఐదోసారి: 9, 23, 14, 31, 17. మొన్న కాలేజీ ఫారాలకు ఆఖరి రోజు, కౌంటరు ముందు పదిమంది పిల్లలున్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వచ్చాక ఏ కంప్యూటరు నుంచీ ప్రింటు రాలేదు. నేను మెషీన్ మెషీన్‌కీ తిరిగి అడ్రసు మార్చేసరికి నలభై నిమిషాలు. కాశీనగరం నుంచి వచ్చిన ఒకమ్మాయి చేతిలో బస్సు చిల్లర పట్టుకుని అంతసేపూ నిలబడే ఉంది. ఆమె బస్సు వెళ్లిపోయింది. ఆ పిల్ల ముఖం ఇంకా నా కళ్లముందే ఉంది.

మా అమ్మకు 76 ఏళ్లు. రాత్రి పడుకోబోయే ముందు ట్యాబులో పెరటి-కెమెరా బొమ్మ నొక్కి తలుపు గడియ పడిందో లేదో చూసుకోవడం ఆవిడకు అలవాటు. ఇప్పుడు తెర ఖాళీగా వస్తుంటే టెన్షన్ పడి మెట్లు దిగుతోంది. మోకాళ్ల నొప్పులతో చీకట్లో దిగుతోంది.

మీ కస్టమర్ కేర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. ఒడియా, హిందీ, ఇంగ్లీషు తప్ప తెలుగు లేదు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కడి మీ ఖాతాదారులకు తెలుగులో చెబుతారు. 1936లో మేము ఒడిశాలో కలిసినా మా ఇళ్లలో తెలుగు పోలేదు, ఇది కూడా గమనించగలరు. మొదటిసారి “నెట్ వస్తోంది కదా సార్” అన్నారు. రెండోసారి పేర్ల చివర లోకల్ అని పెట్టుకోమన్నారు. అది రౌటరు లేకుండా పరికరాలు తమలో తాము పిలుచుకునే పద్ధతికి కేటాయించినది. మా పాత కెమెరాలకు ఆ పద్ధతి రాదు. మూడోసారి ఫోన్లు మ్యాక్ అడ్రసు (రౌటరు పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) మార్చుకుంటాయి అన్నారు. నిజమే, ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి అలాగే ఉంది. మా ఇంటి వైఫైకి ఆ సెట్టింగు ఎప్పుడో ఆపేశాను. అయినా ప్రింటరు మ్యాక్ అడ్రసు మార్చుకోదు కదా.

రిజర్వేషన్ పేజీ కంపెనీయే మూసేసిందని, పాస్‌వర్డు తన దగ్గర లేదని మీ టెక్నీషియన్ చెప్పాడు. అతని తప్పేమీ లేదు. నేను అడిగేది ఆ పేజీ నాకు తెరవమని, ఇంటి పేర్లకు రౌటరే జవాబు చెప్పేలా చేయమని. అది కుదరకపోతే మీ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (నెట్‌ను దాటించడం మాత్రమే చేసేలా) పెట్టండి, నా ఖర్చుతో నేనే వేరే రౌటరు కొనుక్కుంటాను. 15 రోజుల్లో పరిష్కరించకపోతే 2012 నాటి టెలికాం ఫిర్యాదుల నిబంధనల ప్రకారం మీ అప్పీలేట్ అథారిటీకి (ఫిర్యాదు తీరకపోతే వినే పై అధికారికి) రాస్తాను.

సెట్టింగులు మార్చే అధికారం ఉన్న మనిషినే పంపండి. షాపు తెరవకముందు, ఉదయం తొమ్మిదిలోపు వస్తే మంచిది.

ఇట్లు,
మీ ఖాతాదారు